ఇంటోళ్లకు చెప్పినట్టు చెప్పు

మా కోడింగ్ మేడమ్ పోయారని మంగళవారం పొద్దున క్లాసు గ్రూపులో మెసేజ్ వచ్చింది. అశోక్ నగర్‌లోని మా హాస్టల్‌లో టిఫిన్ వరుసలో ఉన్నాను. ఖాళీ ప్లేటుతోనే గదికి తిరిగొచ్చాను.

దహనం అయిన రెండో రోజు ఆమె భర్త ఫోన్ చేశారు. పుస్తకాల కోసం వాళ్లింటికి వెళ్లేదాన్ని కనుక నా నంబరు ఆయన దగ్గర ఉంది. "బిడ్డా, ఆస్పత్రోళ్లు ఇచ్చిన కాగితాలున్నయి. అంత ఇంగ్లీషే. ఆమెకు ఏమైందో నాకు సమజ్ అయితలేదు. నువ్వొచ్చి జర చదివి చెప్తవా?"

వస్తానన్నాను. ఆ పెద్దమనిషి ముందు కూర్చుని అవన్నీ నోటితో చెప్పగలనా అన్న భయం మాత్రం వదల్లేదు.

ఆమెను మీకెలా పరిచయం చేయాలి? నారాయణగూడలో మేడ మీది ఒక గదిలో మెడికల్ కోడింగ్ నేర్పేవారు. ఆపరేషన్ రిపోర్టు చదివి, జరిగిన పనికి సరైన నంబరు వేయడం మా చదువు. ఎక్కడో అమెరికాలో ఆ నంబరు మీదే ఆస్పత్రి బిల్లు నడుస్తుంది. ఏటా కొన్ని నంబర్లు మారతాయి. "పోయినేటి పుస్తకంతోని ఈయేడు బిల్లు కొడితె, చెల్లని నోటుతోని దోసె కొన్నట్టే," అనేవారు. అలా అంటూనే కోఠిలో కొన్న పాత పుస్తకంలో మారిన నంబర్లను చీటీల మీద రాసి, అంటించి, మాకిచ్చేవారు.

మిగతా చోట్ల నేరుగా పుస్తకం తెరిపిస్తారు. మేడమ్ తెరవనిచ్చేవారు కాదు. ముందు రిపోర్టును తెలుగులో చెప్పాలి. "థియేటర్ బయట పేషెంటు ఇంటోళ్లు కూసున్నరు అనుకో. వాళ్లకు చెప్పినట్టు చెప్పు. నీ నోటికి రానిది నీ నంబర్ల కూడ రాదు."

ఒకరోజు నాకు వచ్చిన రిపోర్టు, మూత్రం ఆపుకోలేని ఒక పెద్దాయనది. లోపల అమర్చిన పరికరానికి ఇన్ఫెక్షన్ వస్తే, తీసేసి కొత్తది పెట్టారు. నేను లేచి, "ఆయనకు... అది... యూరినరీ..." అని నసిగాను.

"తెలుగుల," అన్నారు మేడమ్.

"మూత్రం," అన్నాను, నాకే వినిపించనంత మెల్లగా. వెనక ఒకబ్బాయి కిసుక్కున నవ్వాడు.

"ఏంరా, నీకు రాదా అది? పొద్దుగాల లేచి ఏడికి ఉరుకుతవ్ మరి?"

క్లాసంతా గొల్లుమంది. ఆ నవ్వులో నా సిగ్గు సగం కరిగింది. మిగతాది గబగబా చెప్పి, తీసినందుకు ఒక నంబరు, పెట్టినందుకు ఒక నంబరు రాశాను.

"ఒకటే మనిషి, ఒకటే టేబుల్, ఒకటే పూట. రెండు ముక్కలెట్ల చేస్తవమ్మా?"

తీయడం, పెట్టడం రెండూ కలిపిన నంబరు రాశాను. దానికీ తల అడ్డంగా ఊపారు. "మల్ల చెప్పు. నడుమ ఏం చేసిండ్రు?"

చీము పట్టిన చోట చెడిన కండ తీసేసి, కడిగి, అప్పుడు కొత్తది పెట్టారు. ఆ వాక్యం చదివాను గాని చెప్పలేదు. చీము అనే మాట నోటికి రాక దాటేశాను. ఇన్ఫెక్షన్ ఉన్న చోటే అదే పూట మారిస్తే నంబరే వేరు, 53448. కడగడం కూడా అందులోనే కలిసి ఉంటుంది.

"కడిగినోళ్ల కష్టమంత నీ సిగ్గుల కొట్టుకపాయె," అన్నారు మేడమ్. కోపంగా కాదు. తర్వాత ఇంకో మాట కూడా అన్నారు. "కాగితంల లేనిది చెప్పొద్దు. ఉన్నది దాయొద్దు."

చీము, పుండు, కండ, నాళం. మా ఊళ్లో అమ్మమ్మ అనే మాటలకు ఇంత పని ఉందని నాకు తెలిపింది ఆమే. మాటల మీద నాకు ఇష్టం పుట్టింది ఆ గదిలోనే.

ఆదివారం చిక్కడపల్లిలోని మేడమ్ వాళ్లింటికి వెళ్లాను. ఆమె భర్త కాగితాలు నా ముందు పెట్టి, కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. మొత్తం చదివి, తలెత్తి చెప్పాను.

"కిడ్నీ నుంచి మూత్రం దిగే నాళంల రాయి అడ్డం పడ్డది అంకుల్. మూత్రం పైననే ఆగి చీము పట్టింది. ట్యూబు ఏసి దించిండ్రు. గప్పటికే చీము రక్తంల కలిసింది. మందులకు లొంగలేదు."

ఒక్క మాటా దాటేయలేదు.

"నొప్పి బాగ పడ్డదా, బిడ్డా?"

కాగితాలు మళ్లీ మొదటి నుంచి తిప్పాను. "అది ఇందుల రాయలేదు అంకుల్."

"రాయరు," అన్నారు. "ఆమెకు ఒకటే చెమటలు. తుడుసుకుంట కూసున్న. గిట్ల."

భుజం మీది తువ్వాలు తీసి, ముందు ఎవరో పడుకుని ఉన్నట్టు గాలిలో మెల్లగా ఒకసారి తుడిచారు. ఇంకోసారి తుడవబోయి, నుదురు ఉండాల్సిన చోట ఆయన చెయ్యి ఆగిపోయింది.