ఇన్‌స్పెక్టరమ్మ ఒప్పుకోని ఈలలు

మా వీధి చివర రెండు గదుల ఇంట్లో ఈలలు చేసే ఆయన ఉంటాడు. ముందుగది పనికి, వెనకగది కాపురానికి. ముందుగది కిటికీ వీధిలోకి ఉంటుంది కాబట్టి కొనేవాళ్ళు గడప ఎక్కనక్కర్లేదు. మా పాప నడక నేర్చిన కొత్తలో ఆ కిటికీ కింద ఆగిపోయి కదలనని మొండికేసింది. కొనే ముందు నాకు అడగవలసినవి చాలా ఉన్నాయి.

"లోపల గోళీలాంటిది ఏమన్నా ఉంటుందా అండీ? ఊడి గొంతులో పడుతుందేమోనని."

"గోళీ ఉండేది పోలీసుల ఈలలోనమ్మా. ఇది వట్టి చెక్క."

"మరి రంగు?"

"రంగూ లేదు. నూనె రాశాను. అదీ వంటనూనె."

"అంచులు గీసుకోవు కదా?"

ఆయన నోరు తెరిచేలోపు, లోపల నేలమీద కూర్చున్న ఆయన భార్య అందుకుంది. "పిల్ల ధైర్యంగానే ఉందయ్యా. ముందు తల్లి చేత ఒకటి ఊదించు. భయం తీరుతుంది."

ఆవిడే ఇన్‌స్పెక్టరమ్మ. ఆ పేరు పెట్టింది ఆయనే.

బొటనవేలంత చెక్కముక్కకు బరమాతో బెజ్జం వేసి, ఒక చివర బిరడా బిగిస్తాడు. బిరడా పైభాగాన్ని ఆకురాయితో కాస్త అరగదీస్తే గాలికి సన్నటి సందు ఏర్పడుతుంది. ఆ సందుకు కొంచెం ముందు చిన్న గాటు పెట్టి, దాని అంచును ఏటవాలుగా చెక్కుతాడు. లోపలికి ఊదిన గాలి ఆ అంచుకు తగిలి ఒకసారి పైకి, ఒకసారి కిందికి ఊగుతుంది. ఆ ఊగడమే మనకు వినిపించే ఈల. అంచు వెంట్రుకవాసి పక్కకు జరిగినా బుస్సుమని గాలి పోతుందే తప్ప శబ్దం రాదు.

చేసిన ఈలను మాత్రం ఆయన ఊది చూడడు. "నేను చేసింది నాకు ముద్దే కదమ్మా, ఎలా పలికినా" అనేవాడు. ఊది చూసేది ఆవిడ. నచ్చితే బుట్టలో వేస్తుంది. నచ్చకపోతే నీళ్ళపొయ్యిలోకి పోయే రేకుడబ్బాలో పడేస్తుంది. డబ్బాలో పడినదాన్ని ఆయన తీసి నోట పెట్టుకోడు, ఎందుకని అడగడు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి అడిగాడట. "అయితే నువ్వే ఊదుకో" అని ఆవిడ కొంగు దులుపుకుని లేచి లోపలికి వెళ్ళిపోయిందట. ఆ తర్వాత ఆవిడ మాటకు తిరుగు లేదు.

ఒకరోజు పొద్దున్నే ఇన్‌స్పెక్టరమ్మకు పక్షవాతం వచ్చింది. ఆసుపత్రి నుంచి తీసుకొచ్చేటప్పటికి కుడివైపు పడిపోయింది. మూతి ఒక పక్కకు జారింది. మాట పోయింది. ఎడమచెయ్యి మాత్రం బాగానే ఆడేది. వెనకగదిలో మంచం వేశారు. ఆయన ముందుగదిలో ఉంటే ఆవిడకు దాహమైనా పిలిచే దారి లేదు. అందుకని ఆవిడ వంకరపోయిన నోటికి కుదిరే ఈల ఒకటి చెయ్యాలనుకున్నాడు. ముందుగది కిటికీ మూసేశాడు. సామానంతా వెనకగదికి మోసుకొచ్చి మంచం పక్కన పీట వేసుకున్నాడు.

"ఇదొక్కటి పలికితే చాలే. మెడలో వేసేస్తాను. ముందుగదిలో నేనుంటా, నువ్వు ఒక్క ఊపు ఊదు, పరిగెత్తుకొస్తా" అన్నాడు ఆవిడతో.

నేను అప్పుడప్పుడూ పాపను తీసుకుని వెళ్ళేదాన్ని. వాళ్ళ కాపురంలో ఆయన పగటిపూట వెనకగదిలో కూర్చోవడం అదే మొదలట. చెక్కుతూ ఒకటే మాటలు. చెక్కను తిట్టేవాడు. ఎప్పుడో బేరమాడి పారిపోయిన గెడ్డమాయన గొంతు అనుకరించేవాడు. "మా అమ్మాయి ఊదితే ఇల్లు ఎగిరిపోవాలండీ అన్నాడే, గుర్తుందా? ఊదేది నీ కూతురు, ఎగిరేది నీ ఇల్లు, మధ్యలో నాకెందుకయ్యా అన్నావు నువ్వు." ఆవిడ సగం మూతితో నవ్వేది. కారుతున్న చొంగను ఆయన భుజం మీది తువ్వాలుతో తుడిచేవాడు.

ఒక్కో ఈలా ఒక్కో తీరు. పెదాలు మూసుకోని పక్క నుంచి గాలి పోకుండా ఒకదానికి మూతి వెడల్పు చేశాడు. ఊపిరి తక్కువైనా చాలేటట్టు ఇంకోదానికి సందు సన్నం చేశాడు. పూర్తవగానే ఆవిడ ఎడమచేతికి ఇచ్చేవాడు. ఆవిడ నోట పెట్టుకునేది. బుస్సుమని గాలి. చెయ్యి మంచం పక్కకు జారి, ఈల రేకుడబ్బాలో పడేది.

"సరే, ఇన్‌స్పెక్టరమ్మా" అని ఆయన ఇంకో చెక్కముక్క తీసేవాడు.

డబ్బా నిండుతున్న కొద్దీ మనిషి చిక్కిపోయాడు. గుమ్మం దాకా నన్ను సాగనంపుతూ ఒకరోజు, "నా చెయ్యి పోయిందమ్మా. ఊళ్ళోవాళ్ళందరికీ చేశాను. దీనికి ఒక్కటి చెయ్యలేకపోతున్నాను" అన్నాడు.

ఆయన కూతురు చూసి చూసి, "ఇంకెన్నాళ్ళు చెక్కుతావు నాన్నా? అమ్మకు బెల్లు పెట్టిస్తాను" అని మనిషిని పిలిపించింది. మీట మంచం మీద, ఆవిడ ఎడమచేతి కింద పెట్టారు. గంట ముందుగదిలో బిగించారు. ఆవిడ చేత నొక్కించి చూశారు, మోగింది. ఆయన సామాను ముందుగదికి చేరవేసుకుని కిటికీ తెరిచాడు.

ఆ తర్వాత గంట మోగలేదు. ఆవిడకు సుఖంగా ఉంది కాబోలనుకున్నాడాయన. మధ్యలో వెళ్ళి నీళ్ళు పట్టేవాడు, దుప్పటి సర్దేవాడు, మళ్ళీ వచ్చి పనిలో కూర్చునేవాడు. అలాగే ఒక మధ్యాహ్నం నీళ్ళగ్లాసుతో వెళ్ళేసరికి ఆవిడలో ప్రాణం లేదు. మీట చేతి కిందే ఉంది.

కార్యక్రమాలు అయ్యాక నేను అన్నం క్యారియరు తీసుకుని వెళ్ళాను. ఆయన మంచం కింద ఊడుస్తున్నాడు. రేకుడబ్బా బయటికి లాగి పొయ్యిలో పోయడానికి పక్కన పెట్టాడు. నేను క్యారియరు దించేలోపు పాప అందులోంచి ఒకటి తీసి నోట పెట్టుకుంది. దుమ్మో, చెదలో అని నేను చెయ్యి చాచేలోపే ఈల గదంతా మోగింది.

ఆయన చీపురు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తర్వాత కింద కూర్చుని ఇంకొకటి తీశాడు. తన కుడిపక్క పెదవిని వేలితో కిందికి లాగి పట్టుకుని, ఆవిడ మూతిలాగే జార్చి, ఎడమపక్క నుంచి సన్నగా ఊదాడు. పలికింది. ఇంకొకటి తీశాడు. అదీ పలికింది. వెడల్పు మూతిది, సన్నసందుది, పొట్టిది, ఒక్కొక్కటీ అలాగే పెదవి పట్టుకుని ఊదుతూ పోయాడు. ఒకటి రెండు తప్ప అన్నీ పలికాయి.

నాకు ఏదో ఒకటి అనాలనిపించింది. "ఆవిడకు ఊపిరి చాలలేదేమోనండీ. లోపలి కండరాలు కూడా పడిపోయి ఉంటే ఇంతమాత్రం కూడా ఊదలేరు."

ఆయన చేతిలోని ఈలను డబ్బాలో పెట్టాడు.

"ఊపిరి చాలలేదే అనుకో. వేలు బాగానే ఉందిగా. గంట ఎందుకు నొక్కలేదు?" అన్నాడు. "ఈల బాగుందని ఒప్పుకుంటే నేను లేచి ముందుగదికి వెళ్ళిపోతానని దానికి తెలుసు. పిలిస్తే వచ్చే మనిషి కాదమ్మా దానికి కావలసింది."

పాప ఇంకో ఈల కోసం చెయ్యి పెట్టబోతే ఆయన డబ్బా మెల్లగా తనవైపు లాక్కున్నాడు. పిల్లలకు ఆయన కాదనడం నేనెప్పుడూ చూడలేదు.

మంచం తీసేద్దామని కూతురు అడిగింది. ఆయన ఉండనీమన్నాడు. ఇప్పుడు ముందుగది కిటికీ మూసే ఉంటోంది. నేను అన్నం తీసుకెళ్ళేసరికి వెనకగదిలో, మంచం పక్కన, పీట మీద కూర్చుని ఉంటాడు. చేతిలో పనేమీ ఉండదు. ఏదో చెబుతూ ఉంటాడు, నేను గుమ్మంలోకి వచ్చేసరికి ఆపేస్తాడు.