గుట్ట కింద పొరంబోకు

తిరుత్తణి కాలేజీలో చివరి ఏడాది చదువుతున్నప్పుడు, పరిశోధన పనిమీద మా జట్టు పళ్ళిపట్టు దగ్గరి గుట్ట కిందికి వెళ్ళింది. అక్కడి మట్టిని తెచ్చి పరీక్షించాలి. సర్కారు పటంలో ఆ నేల పొరంబోకు, అంటే ఎవరిదీ కాదు. మాది పక్క ఊరే, మగ్గం నేసే ఇల్లు. రోజూ బస్సులో ఆ గుట్ట ముందునుంచే కాలేజీకి వెళ్ళేదాన్ని. అందుకని చోటు చూపించే పని మాతో వచ్చిన సారు నాకే అప్పగించారు.

తుమ్మచెట్ల మధ్య చదునైన చోటు చూసి గడ్డపారతో ఒక పోటు వేశాను.

"ఆడ తవ్వొద్దు పాపా."

వెనక కట్టెలమోపుతో ఒక ఇరుళ ఆదివాసీ స్త్రీ నిలబడి ఉంది. గుట్ట అవతలి గుడిసెల్లో ఉండేవాళ్ళను సంతలో చూడడమే తప్ప, నేనెప్పుడూ పలకరించలేదు. ఆమె మోపు దించి, నేను పెళ్ళగించిన మట్టి పక్కన కూర్చుంది.

"ఏమక్కా, ఏముంది ఈడ?"

"నా కూతురుండాది. పోయిన వానల్లో జరమొచ్చి సచ్చిపాయ. ఈడనే పెట్టినాము. మా అత్తామామా అంతా ఈడనే ఉండారు."

గడ్డపార పక్కన పెట్టాను. అప్పుడు కనిపించాయి, చుట్టూ నిలబెట్టిన రాళ్ళు. ఒకదానికి మా సంచులు ఆనించి ఉన్నాయి. ఇంకోదాని మీద కూర్చుని ఇడ్లీ తింటున్న మా జట్టువాడు దిగ్గున లేచాడు.

సారు పటం తిప్పి తిప్పి చూశారు. "మ్యాప్‌లో లేదేమ్మా," అన్నారు.

"మమ్మల్ని ఎవురడిగినారయ్యా?"

ఆయన చెప్పులు విప్పారు. నేను మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో మట్టి కప్పాను. ఆమె కూడా ఒక పిడికెడు వేసింది.

సాయంత్రం ఇంట్లో ఈ సంగతి చెప్తే నాయన మగ్గం మీదనుంచి తల కూడా ఎత్తలేదు.

"అది వాళ్ళ గోరీల తావు. ఊరందరికీ తెలుసు గదమ్మా."

అందరికీ తెలిసిన నేల పటంలో ఎవరిదీ కాకుండా ఎలా పోయింది?

మర్నాడు సారు మమ్మల్ని గుడిసెల దగ్గరికి తీసుకెళ్ళి, చేసే పనేమిటో పెద్దలకు విడమర్చి చెప్పారు. వాళ్ళు చాలాసేపు తమలో తాము మాట్లాడుకున్నారు. గుట్ట వైపు వద్దన్నారు, దిగువన పారే వంక గట్టున తీసుకోమన్నారు. పరీక్షలో తేలింది ముందు తమకే చెప్పాలన్నారు. సారు సరేనన్నారు. ముందురోజు కట్టెలమోపుతో వచ్చిన ఆమే ముందు నడిచి దారి చూపించింది. నేను ఎక్కడ అడుగు పడుతుందోనని నేల చూసుకుంటూ వెనక నడిచాను.