‘చూసి చెప్తా’ అక్క

ఆవిడ ఒక ఆఫీసులో టైపిస్టు. చదువుకునే రోజుల్లో పరీక్ష తప్పింది ఇంగ్లీషులోనే, ఆ సంగతి దాచుకోదు కూడా. అయినా నాలుగు వందలమంది ఇంగ్లీషు టీచర్లు ఫోన్లో ఆవిడ జవాబు కోసం కాచుక్కూర్చుంటారు. నమ్మకపోతే మీ ఖర్మ.

ఆ టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఆవిడను చేర్చింది టీచరుగా పనిచేసే ఆడపడుచు. ఎవరేం అడిగినా అక్క రాసేది ఒకటే: "నాకేం తెలుసు, చూసి చెప్తా." చూసేది కార్పస్‌లో. అంటే పత్రికల్లో, పుస్తకాల్లో, జనం మాటల్లో దొర్లిన వాక్యాలను కోట్లకొద్దీ ఒకచోట పోసిన రాశి. ఒక మాట కొడితే అది వచ్చిన వాక్యాలన్నీ బారులు తీరతాయి. వంద చదవందే అక్క నోరు విప్పదు.

అదే గ్రూపులో ఉన్న, పాతికేళ్లుగా గైడ్లు రాస్తున్న వ్యాకరణం మాస్టారికి ఇది కంటగింపుగా ఉండేది. ‘నన్ ఆఫ్ దెమ్ ఆర్’ అని రాసిన పిల్లకు మార్కు వేయొచ్చా అని ఒక టీచరు అడిగింది. వేయొచ్చని అక్క చూసి చెప్పగానే ఆయన అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"అక్కడ ‘ఈజ్’ తప్ప ఇంకోటి రాదు. ఇంగ్లీషు తప్పినవాళ్లు మాకు పాఠాలు చెప్పడమా? రేపటిలోగా రుజువు చూపించండి, లేదా గ్రూపులోంచి వెళ్లిపోండి."

ఆఫీసులో అక్కను ‘ఇదిగో టైపు’ అని పిలుస్తారు. ‘మేడమ్’ అనేది ఈ గ్రూపొక్కటే. అదీ పోతే ఎలా బతకాలో ఆవిడకు తోచలేదు.

"ఆయనతో మనకెందుకు, ఊరుకో వదినా," అంది ఆడపడుచు.

"వాక్యాలు ఉన్నాయి కదా, ఎందుకు ఊరుకోవాలి?"

మర్నాడు సెలవు. అక్క మళ్లీ కూర్చుని వెతికింది. ఆ ఊపులోనే మాస్టారు నెట్‌లో పెట్టిన ఆరు గైడ్లనూ ఒక రాశిగా పోసి, అందులోనూ అదే మాట కొట్టింది. తెర చూసి నవ్వాపుకోలేకపోయింది.

"మాస్టారూ, రెండూ వాడుకలో ఉన్నాయి. రెండూ ఒప్పే," అని గ్రూపులో రాసింది. "మీ గైడ్లూ చూశాను. నియమం చెప్పిన పేజీలో మాత్రం రెండుసార్లు ‘ఈజ్’ రాశారు. మిగతా చోట్ల పదకొండుసార్లు ‘ఆర్’ రాశారు. పేజీ నంబర్లు కింద ఇచ్చాను."

గ్రూపులో నవ్వుల బొమ్మలు వరదలా వచ్చిపడ్డాయి. పిల్లకు మార్కు వచ్చింది. అక్క సంతోషం పట్టలేక ఇల్లంతా రెండుసార్లు తిరిగింది.

మర్నాడు ఆఫీసులో ఉండగా అందరూ చూసేలా మాస్టారి మెసేజ్ వచ్చింది: "మేడమ్, ‘డిస్కస్ అబౌట్’ తప్పని ఇన్నేళ్లూ కొట్టేస్తున్నాను. ఒకసారి చూస్తారా?"

"చూసి చెప్తా మాస్టారూ," అని రాస్తుండగా వెనకనుంచి గుమాస్తా కేకేశాడు. "ఇదిగో టైపు, ఈ కాగితం!"

అక్క తల తిప్పలేదు.

"మేడమ్ అనండి, వస్తాను."