ఇంకొంచెం ముక్కు

యువరాణి ఎర్మిన్‌ట్రూడ్ గారికి ఒకటే పిచ్చి. తన బొమ్మ ఎవరు వేసినా ముక్కు పెద్దగా వేయాలి. ఎంత పెద్దగా వేసినా చాలదు, ఇంకొంచెం కావాలి.

పోనీ ఆవిడది నిజంగానే పెద్ద ముక్కా అంటే, అదీ కాదు. వాళ్ల వంశంలో తాతల దగ్గర్నుంచీ అందరివీ గడ్డపారల్లాంటి ముక్కులే. చిన్నగా, తీర్చిదిద్దినట్టుండే ముక్కు ఈవిడొక్కదానికే దక్కింది. ఆ ఒక్క అందాన్నీ పాడుచేయమని చిత్రకారుల ప్రాణాలు తోడేసేది. లండన్‌లో పేరున్నవాళ్లంతా ఒక్కొక్కరే దణ్ణం పెట్టి తప్పుకున్నారు. చివరికి టట్‌హిల్ దొరికాడు.

పాపం, టట్‌హిల్‌కి తప్పుకునే దారి లేదు. నలభై దాటాయి. లండన్‌లో జరిగే పెద్ద చిత్రాల వేసవి ప్రదర్శనకి ఏటా బొమ్మ పంపడం, ఏటా అది తిరిగి రావడం. పొట్ట కోసం బిస్కెట్ డబ్బాల మీద కుక్కపిల్లల్ని వేసేవాడు.

"రాజకుటుంబం బొమ్మని కాదనలేరు కదా. ఈసారి గోడకెక్కిందా, బతికాను. లేదా, చచ్చేదాకా కుక్కపిల్లలే," అని తనకి తనే చెప్పుకునేవాడు.

అవి యుద్ధం రోజులు. యువరాణి పొద్దున ఓ ఆస్పత్రికి పునాదిరాయి వేసి, సాయంత్రం ఓ అనాథ శరణాలయంలో టీ పోసి, ఆ మధ్యలో వచ్చి టట్‌హిల్ ముందు కూర్చునేది. కూర్చున్నంతసేపూ సైనికులకి మేజోళ్లు అల్లుతూనే ఉండేది.

"ఏమయ్యా టట్‌హిల్, ముక్కేదీ?"

"అదేనమ్మగారూ... మొహం మధ్యలో."

"ఇదా? దీంతో ఏం చీదుతారయ్యా? ఇంకొంచెం పెంచు."

రాజవంశం వాళ్లకి ఎదురు చెప్పడం కూడానా! పెంచేవాడు. ఆవిడ గుమ్మం దాటగానే ఏడుస్తూ గీకి, మళ్లీ తగ్గించేవాడు. మర్నాడు ఆవిడ వచ్చి, "చలికి ముడుచుకుపోయినట్టుందే. ఇంకొంచెం," అనేది.

"నా కొంప మునిగిపోతోంది, మిస్ ఫెన్విక్. మీరైనా ఓ మాట చెప్పండి," అని ఆవిడ వెంట వచ్చే సహచరిని బతిమాలాడు.

"నేనా? మీ ముక్కు బాగానే ఉంది కదమ్మా అన్నానని నా చేతికీ ఊలు ఇచ్చారు. ఇదిగో, ఇంకా అల్లుతున్నా."

ప్రదర్శనకి బొమ్మలు తీసుకునే ఆఖరి రోజు రానే వచ్చింది. అంతకుముందే టట్‌హిల్ ముక్కుని ఉన్నదున్నట్టు దిద్దేశాడు. అంత బాగా జన్మలో ఎప్పుడూ వేయలేదు. గుడ్డ కప్పి, ఇక బయల్దేరదామనుకుంటూ ఉండగా గుమ్మంలో యువరాణి కారు ఆగింది.

"బొమ్మ ఎక్కించు. నువ్వూ ఎక్కు, రంగుల పెట్టె తెచ్చుకో. ముందు ఒకచోట చూపించాలి. ఆ తర్వాత ఎక్కడికి పంపుకుంటావో నీ ఇష్టం."

టట్‌హిల్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. గుడ్డ తీస్తే దొరికిపోతాడు.

కారు ఊరి బయట ఆస్పత్రి దగ్గర ఆగింది. మొహాలకి గాయాలైన సైనికుల వార్డు అది. అక్కడ అద్దాలు ఉంచరు. అద్దం ఉండాల్సిన ప్రతిచోటా యువరాణి బొమ్మే. ఒకచోట బంగాళాదుంప ముక్కు, ఒకచోట టీ కెటిల్ ముక్కు. తప్పుకున్న చిత్రకారుల పనితనమంతా ఆ గోడల మీదే ఉంది.

మిస్ ఫెన్విక్ గొంతు తగ్గించింది. "ఆ మూల మంచం మీదున్నది హాబ్డే. యుద్ధంలో ముక్కు పోయింది. వచ్చినప్పట్నుంచీ దుప్పటి ముసుగే. ఎవరో చేతకానివాడు ముక్కు పెద్దది చేసి వేసిన అమ్మగారి బొమ్మ చూసి మొదటిసారి పగలబడి నవ్వాడు. అమ్మగారికి ఈ పిచ్చి ఆనాడే పట్టింది. కొత్త బొమ్మ వస్తేనే ఆ ముసుగు తీస్తాడు."

టట్‌హిల్ నోరు తెరిచేలోపే యువరాణి గుడ్డ లాగేసింది.

చిన్న ముక్కు. చక్కటి ముక్కు. వార్డులో ఒక్కరూ నవ్వలేదు.

"చాలా బాగుందమ్మగారూ," అన్నాడు హాబ్డే మర్యాదగా. గోడవైపు తిరిగి దుప్పటి కప్పేసుకున్నాడు.

యువరాణి గుడ్డ వదిలేసి మళ్లీ సూదులు పట్టుకుంది. అల్లిక మాత్రం సాగలేదు. తిట్టినా బాగుండేదని టట్‌హిల్‌కి ఏడుపొచ్చింది. బొమ్మ వైపు చూశాడు. కళ్ల ముందు ప్రదర్శన గోడ కనబడింది, దాని వెనకే కుక్కపిల్లలన్నీ బారులు తీరి కనబడ్డాయి. ఛీ, వెధవ బతుకు, అనుకుని రంగుల పెట్టె తెరిచాడు.

"హాబ్డే గారూ, ఇంకా పూర్తవలేదండీ. ఎంత కావాలో కాస్త మీరే చెప్పండి."

దుప్పటి కదల్లేదు. టట్‌హిల్ ముక్కుని వేలెడు సాగదీశాడు. ముసుగులోంచి ఒక కన్ను బయటికొచ్చింది.

"ఇదేం ముక్కయ్యా? ఇంకొంచెం!"

"పక్కలకి కూడా లాగు!" అన్నాడు ఇంకో మంచం మీదాయన.

"చివర ఓ పులిపిరి!"

హాబ్డే ముసుగు తీసేసి లేచి కూర్చున్నాడు. "నాది ఎక్కడ పోయిందా అనుకున్నా. మీ దగ్గరే ఉందే అమ్మగారూ! సగమన్నా ఇవ్వకూడదూ?"

"డాక్టర్లని అతికించడం నేర్చుకోనీ నాయనా, మొత్తం తీసుకుందువుగాని!"

వార్డు గొల్లుమంది. ప్రదర్శన తలుపులు ఎప్పుడు మూశారో టట్‌హిల్ చూసుకోనే లేదు. యువరాణి దగ్గరికొచ్చి తల వంచి చూసింది. "ఇప్పుడొచ్చిందయ్యా నా పోలిక," అంది.

మర్నాటి నుంచి టట్‌హిల్‌కి మళ్లీ బిస్కెట్ డబ్బాలే. ఆ క్రిస్మస్‌కి వార్డులో మంచానికో డబ్బా అందింది. మూతల మీద ఎప్పటిలాగే కుక్కపిల్లలు. కళ్లు, చెవులు, తోక అన్నీ మామూలే గానీ, ముక్కులు మాత్రం ఒక్కోటీ మూత అంచుదాకా ఉన్నాయి.