మెడ దగ్గర ఆగిన బొమ్మ

ఊరికే కూర్చోవడం కూడా ఒక పనేనని టైలరు మాస్టారికి ఎవరూ నేర్పలేదు. దుకాణం మూసేశాక తోచక, ఇంట్లో కర్టెన్లన్నీ విప్పి మళ్లీ కుట్టారు. దిండు గలీబుల మీద పడేసరికి కూతురు విసిగిపోయి, లైబ్రరీ మేడ మీద పెద్దవాళ్లకి నేర్పే బొమ్మల క్లాసులో చేర్పించింది.

"కాటికి కాళ్లు చాపుకున్నాక నాకు బొమ్మలేంటే?" అని సణుగుతూనే అందరికంటే ముందు వెళ్లి, వెలుతురు పడే కిటికీ పక్క కుర్చీ పట్టారు.

ఒకరోజు పంతులమ్మ, ఇంట్లోవాళ్లని మనసులో తలుచుకుని గీయమంది. మాస్టారు భార్య బొమ్మ మొదలుపెట్టారు. ఆవిడ ఎడమ భుజం కాస్త వాలి ఉంటుంది. దాన్ని అచ్చు అలాగే దించారు. చేతుల పొడవు, నడుము, వీపు, ఎక్కడా గీత తడబడలేదు. పక్క కుర్చీలోని రిటైర్డ్ నర్సు తన కాగితం వదిలేసి ఇటే చూడసాగింది.

మెడ దాటేసరికి పెన్సిలు ఆగిపోయింది. ఎంత గింజుకున్నా కళ్లు ఎలా ఉంటాయో, ముక్కు ఎలా ఉంటుందో అంతుపట్టలేదు.

"మొహం మర్చిపోయారా మాస్టారూ?" అంది పంతులమ్మ నవ్వుతూ.

"మర్చిపోవాలన్నా ముందు చూసుండాలి కదమ్మా. నా చూపెప్పుడూ మెడ కిందే."

ఇంటికి రాగానే, కూర తరుగుతున్న భార్య ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నారు. రెప్ప వేయకుండా ఆమెనే చూస్తున్నారు. ఆవిడ కంగారుగా భుజం తడుముకుంది.

"ఏంటండీ, కుట్టేమైనా ఊడిందా?"