వేలంలో నానమ్మ కారు

మా నానమ్మ గ్లెండాకు లోకంలో మూడే మూడు గట్టి ఇష్టాలు. మొదటిది తన పాత కారు, రెండోది మా నాన్న, మూడోది తాత. ఈ వరస నేను కల్పించింది కాదు. ఏటా థాంక్స్‌గివింగ్ పండగ భోజనం దగ్గర ఆవిడే అందరి ముందూ చెబుతుంది. తాత వెర్లిన్ ఏమీ నొచ్చుకోడు. "పందుల్ని కూడా పెంచాం కదా, వాటికంటే ముందున్నాను, చాలు," అని బంగాళాదుంప ముద్ద మీద ఇంకాస్త నూడుల్స్ వేసుకుంటాడు.

ఆ కారు 1970 నాటి ఓల్డ్స్‌మొబైల్ ఫోర్-ఫోర్-టూ. బంగారు రంగు ఒళ్ళు, ముందు భాగం మీద రెండు నల్ల చారలు. పెద్ద ఇంజనుతో దూసుకుపోయే ఇలాంటి వాటిని మా మిషిగన్‌లో కండలున్న కార్లంటారు. నానమ్మ అప్పుడు లాన్సింగ్ కర్మాగారంలో సీటు కవర్లు కుట్టేది. ఇరవై ఒక్కేళ్ళ పిల్ల, సొంత జీతంతో కొనుక్కుంది. అమ్మేవాడు, "మీ ఆయన్ని కూడా తీసుకురామ్మా, మాట్లాడదాం," అన్నాడట. "నేనొచ్చింది కారు కోసం, మొగుడి కోసం కాదు," అందట ఈవిడ. మొగుడు తర్వాత దొరికాడు. అదీ రోడ్డు సిగ్నల్ ఎర్రదీపం దగ్గర. పచ్చదీపం పడగానే తాత పికప్పు ట్రక్కు ముఖాన దుమ్ము కొట్టి దూసుకుపోయింది. ఆ దుమ్ములోంచి దగ్గుకుంటూ వెంటపడి పేరు కనుక్కున్నాడాయన.

ఇక రెండో బిడ్డ పుట్టినప్పుడు, నానమ్మ ఆసుపత్రిలో ఉండగా, తాత ఆ కారు అమ్మేసి వెనక సామాను గది ఉన్న పెద్ద కుటుంబపు బండి కొనుక్కొచ్చాడు. ఇద్దరు పసిపిల్లలకు రెండు తలుపుల కారేమిటని ఆయన ఆలోచన. భార్యను ఆశ్చర్యపరుద్దామనుకున్నాడు. ఆశ్చర్యపోయింది కూడా. ఆ తర్వాత చాలాకాలం ఆయనతో చెప్పాల్సినవన్నీ కుక్కతో చెప్పింది.

ఈ వసంతంలో కంటి డాక్టరు నానమ్మకు ఒక మాట చెప్పాడు. అంచుల్లో చూపు ఉంటుంది, నడిమి చూపు పోతూ ఉంటుంది. ఆకులు రాలేలోపు లైసెన్సు మళ్ళీ రాయించుకోవాలి. ఈసారి ఇవ్వరు. ఇంటికొచ్చి ఆవిడ ఏడవలేదు. నన్ను పిలిచి, "నీ కంప్యూటర్ తియ్యి. నా కారు ఎక్కడుందో వెతుకు. కళ్ళు ఉండగా ఒక్కసారి నడపాలి," అంది. నేను కాలేజీ మానేసి ఇంట్లో ఊరికే కూర్చున్నదాన్ని కాబట్టి ఈ పని నాకే పడింది.

పాత కార్లు వేలం వేసే ఒక సైటులో జూన్ నెలలో దొరికింది. పక్క రాష్ట్రం ఇండియానాలో కెస్లర్ అనే ఆయన దాన్ని విప్పి, తుప్పు గీకి, మళ్ళీ కొత్తదానిలా నిలబెట్టి అమ్మకానికి పెట్టాడు. వందల ఫొటోలు.

"నానమ్మా, ఇది నీ రంగే."

"ఆ రంగు కార్లు కర్మాగారం నిండా ఉండేవి. డాష్‌బోర్డు కింద చూపించు, స్టీరింగుకి కుడిపక్క."

అలాంటి చోట ఎవరు ఫొటో తీస్తారని నా అనుమానం. కెస్లర్ తీశాడు. లోపాలు కూడా దాచకుండా చూపించడం అతని పద్ధతి. రేకులో రెండు చిన్న రంధ్రాలున్నాయి. ఒకటి సరిగ్గా ఉంది, ఒకటి వంకర. నానమ్మ కోడి గింజను చూసినట్టు తల పక్కకు తిప్పి తెరకు ముఖం ఆనించింది.

"పాటల పెట్టె బిగించడానికి వేశాను. రెండోదానికి డ్రిల్లు జారింది." తర్వాత కర్మాగారంలో కారుకు కొట్టిన నంబరు చివరి అంకెలు గడగడా చెప్పింది. తెర మీద అవే ఉన్నాయి. మనవళ్ళ పుట్టినరోజు ఒక్కటీ గుర్తుండని మనిషి!

తాత గుమ్మంలో నిలబడి టోపీ నలుపుతున్నాడు. "అదేనా?"

"అదే. నువ్వు అమ్మిందే."

"నేను అమ్మిందే," అన్నాడు తాత, చర్చిలో ప్రార్థనకు బదులు చెప్పినట్టు.

ఇంటి పైకప్పు మార్చడానికి దాచిన డబ్బు ఉంది. "కప్పు ఇంకో రెండు చలికాలాలు ఆగుతుంది. నా కళ్ళు ఆగవు," అని నానమ్మ తేల్చేసింది. పాట అప్పటికి ఆ డబ్బుకు చాలా కిందే ఉంది. ఊరుకుని ఉంటే ఏమయ్యేదో. కానీ తాతకు ఒక ఆలోచన వచ్చింది. మా తాతకు ఆలోచన వస్తే వాతావరణశాఖ హెచ్చరిక ఇవ్వాలి.

తాతది వ్యవసాయ కుటుంబం. మా వైపు ఎవరి పొలం సామాను వేలానికొచ్చినా ఊరంతా వెళుతుంది. చర్చి ఆడవాళ్ళు పై అనే తీపి రొట్టె ముక్కలూ కాఫీ అమ్ముతారు. వేలంపాటవాడు ఊపిరి తీసుకోకుండా అంకెలు పాడతాడు. అక్కడ ఎవరూ రాసిపెట్టని ఒక చట్టం ఉంది. ఇంటి మనిషి తన ఇంటి వస్తువు కోసం పాట పాడితే మిగతావాళ్ళంతా చేతులు జేబుల్లో పెట్టుకుని తమ బూట్ల వైపు చూసుకోవాలి. హామర్ అనే రైతు పోయాక, అతని భార్య ట్రాక్టరును ఒకే పాటకు దక్కించుకుంది. "ఇంకెవరు? ఇంకెవరు?" అని వేలంపాటవాడు గొంతు చించుకున్నా ఈగ కూడా రెక్క ఎత్తలేదట. ఈ కథ మా ఇంట్లో కుక్కకు కూడా కంఠస్థం.

"అది నీ కారని వాళ్ళకు తెలీదు గ్లెండా. తెలిస్తే ఎవడు పాడతాడు?" అన్నాడు తాత.

"అది కంప్యూటర్ తాతా," అన్నాను.

"కంప్యూటర్ ముందు కూర్చునేవాడు మనిషా, మేకా?"

"అడుక్కున్నట్టుంటుంది వెర్లిన్," అంది నానమ్మ.

"అడుక్కోవడం కాదే. మర్యాదగా నడుచుకోవడానికి వాళ్ళకో అవకాశం ఇస్తున్నాం."

ఆయన చెబుతుంటే నేను ఆ కారు ఫొటోల కింద, వ్యాఖ్యలు రాసే చోట టైపు చేశాను. కర్మాగారం, సీటు కవర్లు, వంకర రంధ్రం, కళ్ళ సంగతి, అంతా. ఒక పాత ఫొటో కూడా పెట్టాం. నానమ్మ తలకు రుమాలు కట్టుకుని, వేళ్ళ మధ్య సిగరెట్టుతో ఆ కారు ముందు భాగం మీద రాణిలా కూర్చుని ఉంది. తాత కూడా ఉన్నాడందులో, ఫొటో అంచున ఒక్క మోచెయ్యి.

తెల్లారి చూస్తే వ్యాఖ్యలు కుప్పతెప్పలుగా పడ్డాయి. ఏడిపించేశావమ్మా అని ఒకరు, ఇలాంటి కథ ఈ సైటులో ఇంతవరకు చదవలేదని ఇంకొకరు. నేను పైకి చదువుతుంటే తాత ముఖం వెలిగిపోయింది.

"చూశావా పిల్లా? మనుషులే! నేను చెప్పలా?"

"పాట కూడా చదవనా తాతా?"

చదివాను. ఒక్క రాత్రిలో ఎగిరి పైకప్పు డబ్బు అంచుకు వచ్చి కూర్చుంది.

మధ్యాహ్నం కెస్లర్ ఫోన్ చేశాడు. గొంతు ఇబ్బందిగా ఉంది. "అమ్మా, మీరు నాకు మేలు చేశారు. మీకు మీరు చేసుకున్నారని మాత్రం చెప్పలేను. ఇలాంటి కారుకు మొదటి యజమాని దొరకడం, పక్కన ఫొటో ఉండడం... కొనేవాళ్ళు వాటికే ఎక్కువ పెడతారు. రాసేముందు నన్నొక్క మాట అడిగి ఉంటే బాగుండేది."

"అంటే ధర మేమే పెంచామా?" అన్నాడు తాత.

తాత వెళ్ళి కొట్టంలో తలుపు వేసుకున్నాడు. సాయంత్రం దాకా సుత్తి చప్పుడు వినబడింది. అక్కడ సుత్తితో చేయాల్సిన పని ఏదీ లేదని మా అందరికీ తెలుసు.

ఆఖరి రోజు ముగ్గురం వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాం. ఈ వేలంలో గడువు ముగియబోతుండగా ఎవరైనా పాడితే గడియారం కాస్త వెనక్కి పోయి ఇంకొన్ని నిమిషాలు ఇస్తుంది, అందుకని వేలం చావదు, బతకదు. పైకప్పు డబ్బు ఎప్పుడో దాటిపోయింది. మిగిలినవాళ్ళు ఇద్దరే, ఒకరు టెక్సస్, ఒకరు అరిజోనా. వాళ్ళ చేతులు జేబుల్లో లేవు.

"పికప్పు అమ్మేద్దాం," అన్నాడు తాత.

"కూర్చో వెర్లిన్."

"వెనక పొలం పక్కవాడు ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. ఇప్పుడే ఫోన్ చేస్తా. పోగొట్టింది నేను, తెచ్చేది నేను."

"అప్పుడు నాకు చెప్పకుండా అమ్మావు. ఇప్పుడు చెప్పి అమ్ముతానంటున్నావు. ఎదిగావు, సంతోషం. కూర్చో."

కూర్చున్నాడు. గడియారం ఇంకో నాలుగైదుసార్లు వెనక్కి పోయి, ఆఖరికి ఆగింది. అరిజోనా ఆయన గెలిచాడు. వెంటనే ఒక వ్యాఖ్య రాశాడు: గ్లెండా గారూ, మీ కథ ఈ కారుతోపాటు ఎప్పటికీ ఉంటుంది.

"అది కూడా పట్టుకుపోయాడన్నమాట," అంది నానమ్మ, కాఫీ గిన్నె కడుగుతూ.

రెండురోజుల తర్వాత కెస్లర్ మళ్ళీ ఫోన్ చేశాడు. శనివారం లారీ వచ్చి కారును తీసుకుపోతుందట. "అంతకుముందే రండమ్మా. మా ఇంటి దారి పొడుగ్గా, నేరుగా ఉంటుంది. ఎదురొచ్చేవాళ్ళు ఎవరూ ఉండరు. ఆ చివరిదాకా నడుపుకుని రండి."

నానమ్మ నిటారుగా కూర్చుంది. తాత అప్పుడే టోపీ పెట్టేసుకున్నాడు.

"కొన్నాయన్ని అడిగావా నాయనా?" అంది నానమ్మ ఫోన్లో.

"ఆయనకెందుకమ్మా? నేను చెప్పను, మీరు చెప్పరు."

"అడుగు. ఆయన సరేనంటే వస్తాను."

ఫోన్ పెట్టగానే తాత విరుచుకుపడ్డాడు. "నీకు పిచ్చా? అడిగితే ఎవడైనా ఒప్పుకుంటాడా? చేతిదాకా వచ్చింది గ్లెండా! నీకు ఇంకెప్పుడు కుదురుతుంది?"

"ఒకసారి ఆ కారును యజమానికి చెప్పకుండా కదిలించారు. అదెలా ఉంటుందో నాకు తెలుసు. నేను చెయ్యను."

తాత టోపీ తీసి కొక్కేనికి తగిలించాడు.

అరిజోనా ఆయన చాలా మర్యాదగా జవాబిచ్చాడు. కారు ఇప్పుడు తన బీమా కింద ఉందట. పైగా తను దాన్ని నడపడానికి కొనలేదట, వేడీ తేమా తగలని హాల్లో నిలబెట్టి ఉంచుతాడట, ఒక్క మైలు తిరిగినా విలువ తగ్గుతుందట. మన్నించమని చివర ఒక ఎర్ర గుండె బొమ్మ పెట్టాడు. నానమ్మ రెండుసార్లు చదివించుకుంది.

"నడపడా? ఎప్పుడూనా?"

"అలాగే రాశాడు నానమ్మా."

"పాపం," అంది. కారునో, ఆయన్నో నేను అడగలేదు.

శనివారం కెస్లర్ ఇంటికి ఆవిడ రానంది. బంగాళాదుంపలు ముందేసుకుని కూర్చుంది. తాత మాత్రం పొద్దున్నే గడ్డం గీసుకుని నన్ను లేపాడు.

"మనమెందుకు తాతా?"

"స్టార్ట్ చేస్తారు కదా, ఆ చప్పుడు వినొస్తాను. వచ్చి మీ నానమ్మకు చెబుతాను. అదైనా తెచ్చిపెట్టాలి."

కెస్లర్ వాకిట్లో కారు ఎండకు ధగధగలాడుతోంది. నేను దాన్ని కళ్ళారా చూడడం అదే మొదలు. ఫొటోల్లో చూసి నవ్వుకున్నాను గానీ ఎదురుగా నిలబడితే నవ్వు రాలేదు. తాత ముట్టుకోలేదు, అంత దూరాన ఆగిపోయాడు. లారీవాడు దిగి, కారు కింద కొక్కెం తగిలించి, ఒక మీట నొక్కాడు. ఇనుప తాడు బిగుసుకుంది.

"స్టార్ట్ చెయ్యరా?" అన్నాడు తాత.

"వద్దన్నారండీ. ఇలాగే లాగమన్నారు."

జబ్బుపడ్డ ఆవును సంతకు ఎక్కించినట్టు ఎక్కించారు. కిక్కురుమనకుండా పైకి పోయింది. లారీ వెనక తలుపు పడింది. తిరిగొస్తూ తాత మా ఇంటి మలుపు కూడా దాటిపోయి, నేను చెబితే వెనక్కి తిప్పాడు.

నానమ్మ ఇద్దరికీ వడ్డించి ఎదురుగా కూర్చుంది.

"ఎలా మోగింది?"

తాత ఫోర్కు పట్టుకుని ప్లేటులోకి చూశాడు. "బాగా మోగింది."

"మొదట్లో కాస్త దగ్గుతుంది."

"దగ్గింది. తర్వాత సర్దుకుంది."

"రెండో గేరు పడ్డప్పుడు నడుం పట్టుకుని లాగినట్టు కుదిపేది. కుదిపిందా?"

"కుదిపింది గ్లెండా. వాకిట్లో కోళ్ళు చెదిరిపోయాయి."

లారీ ఎక్కడానికి ఎవరూ రెండో గేరు వెయ్యరు. కెస్లర్ ఇంట్లో కోళ్ళు లేవు. నేను తల వంచుకుని నూడుల్స్ నమిలాను. నానమ్మ గరిటె కింద పెట్టి, రెండు చేతులూ బల్ల మీద ఆనించి, కళ్ళు మూసుకుంది.

"ఇంకా చెప్పు," అంది.