బోరింగు కొట్టుకుంట వచ్చిన మాట

చిన్నగున్నప్పుడు నా పేరు చెప్పాల్నంటేనే నాకు భయం…

అయిదో తరగతిల నారాయణగూడల కొత్త బడిల చేర్పిచ్చిన్రు. మొదటిరోజే టీచర్ "నీ పేరేందమ్మా" అని అడిగింది. లేసి నిలబడ్డ. "ప… ప…" అని అక్కడ్నే ఆగిపోయిన. పద్మజ అనే మాట గొంతు దాటి రాలే. వెనుక బెంచీలోళ్లు నవ్విన్రు. టీచర్ నవ్వలే గని, "పోనీలే, కూసో" అన్నది. ఆ "పోనీలే" ఇంకా ఎక్కువ గుచ్చుకున్నది…

నాకు నత్తి.

బడిల జరిగిన సంగతి తెలిసి నాయిన పరేషాన్ అయిండు. అప్పుడు మేం చిక్కడపల్లిల ఒక పాత ఇంట్ల, వెనుక వాటాల కిరాయికుండేటోళ్లం. రోజూ పొద్దుగాల్నే నన్ను లేపి, ఎదురుంగ కూసోబెట్టుకొని పేపర్ గట్టిగ చదివిచ్చుడు మొదలువెట్టిండు. "ఆగకు… జల్ది చదువు" అనేటోడు. ఆయన జల్ది అన్నకొద్దీ నా దవడలు బిగుసుకపోయేవి. రాత్రి అన్నం తినేటప్పుడే తెల్లారి పేపర్ యాదికొచ్చి సగం పళ్లెంల్నే చెయ్యి కడుక్కునేదాన్ని…

"పిల్లను సతాయించకున్రి" అనేది అమ్మ. ఆయన ఇనకపోయేటోడు. ఆయనది కోపం కాదు, రేపు ఈ పిల్ల ఎట్ల బతుకుతదోనన్న భయం. అది నాకు పెద్దయినంకనే సమజైంది.

ఒకనాడు నల్లా నీళ్లు రాలే. సాయంత్రం వాకిట్ల బోరింగు కొట్టి బిందె నింపమన్నది అమ్మ. తెల్లారి క్లాసుల తెలుగు పాఠం పైకి చదివే వంతు నాది. ఆ బుగులుతోనే హ్యాండిల్ కొట్టుకుంట పాఠం పైకి అనుకుంటున్న. కిందికి నొక్కినప్పుడు ఒక మాట… పైకి లేసినప్పుడు ఊపిరి… మళ్ల ఒక మాట. ఎక్కడా అడ్డం పడలే. బిందె నిండి పొర్లుతున్నది గూడ చూస్కోలే.

తిరిగి చూస్తే గడప కాడ నాయిన. నీళ్లు ఒలకబోసినందుకు తిడతడనుకున్న. ఆయన బకెట్ తెచ్చి బోరింగు కింద పెట్టిండు.

"చదువు బిడ్డా."

"జ… జల్ది రాదు నాయినా."

"జల్ది వద్దు. నీకెట్లొస్తే గట్లనే చదువు. నేనింట."

తెల్లారి క్లాసుల నా వంతు వచ్చింది. లేసి, ఒక చెయ్యి గౌనుకు ఆనిచ్చి, బోరింగు కొట్టినట్టు మెల్లగ కిందికీ పైకీ ఆడిచ్చుకుంట మొదలువెట్టిన. నడుమల ఒక మాట ఇరుక్కున్నది. ఎవరో కిసుక్కుమన్నరు. ఆగిన… ఊపిరి తీసుకున్న… మళ్ల అందుకున్న. పాఠం అయిపోయింది. టీచర్ నా పక్క పిల్లను చదవమన్నది. అందరి లెక్కనే నేనూ… ఆ రోజంత సంబురంతోని ఆకలి గాలే.

ఆనాటి సంది పేపర్ ముందు కూసునుడు బంద్ అయింది. నల్లా వచ్చినా రాకున్నా పొద్దుగాల బోరింగు కాడ్నే నా చదువు. నాయిన పండ్లు తోముకుంట పక్కన నిలబడి వినేటోడు. నడుమల ఒక్క మాట అనకపోయేటోడు.

నత్తి పూర్తిగ పోలే. ఇప్పటికీ ఫోన్ మోగితే ఎత్తేముందు ఒకసారి ఊపిరి తీసుకుంట. అశోక్‌నగర్ల మా ఫ్లాటుల అందరు లేవకముందే వంటింట్ల అటిటు నడుచుకుంట పైకి చదువుకుంట. ఒక్కరోజు తప్పినా ఆ దినమంత నాలుక మీద భరోసా ఉండదు…

మొన్న నేను పంపిన వాయిస్ మెసేజ్‌ను మా చెల్లె బిడ్డ నా ముందట్నే స్పీడు పెంచుకొని విన్నది. దాని తప్పేం లేదు, ఇప్పుడు అందరు గట్లనే వింటున్నరు…

మీ మాట అయిపోయేదాక ఆగి విన్న మనిషి మీ చిన్నప్పుడు ఎవరన్న ఉన్నరా? ఉంటే జర చెప్పున్రి… ఎంత పెద్దగ రాసినా నిమ్మళంగ చదువుత.